ఉప్పెన కథ ఎక్కడ మొదలవుతుంది?

తుఫాను మీద మనకు వచ్చిన కథల్నీ కవితల్నీ వరసగా పెట్టుకుని చదివితే ఒక భావం పదే పదే ఎదురవుతుంది. మాటలు మారుతాయి గాని సారాంశం ఒకటే. సముద్రానికి పేదా గొప్పా తేడా లేదు, అది అందరినీ ఒక్కలాగే మింగింది అని. వినటానికి ఇది సమతా భావం లాగే వుంటుంది. అందుకే అభ్యుదయ రచయితలు కూడా దీన్ని ఏ అనుమానమూ లేకుండా వాడుతూ వచ్చారు. ఈ మాట అబద్ధమనీ, ఈ అబద్ధమే మన విపత్తు సాహిత్యాన్ని కన్నీటి దగ్గర నిలిపేసిందనీ నా అభిప్రాయం. దాన్ని దాటే దారి, సాంఘిక పరిశోధనతో రచయిత పెట్టుకోవలసిన సంబంధంలో వుంది. ఆ సంబంధం ఎలా వుంటుందో చూపటానికి దివిసీమ దగ్గర మొదలుపెట్టి, కరీబియన్ ద్వీపాల దాకా వెళ్లి, తిరిగి మా వరంగల్లు మెట్ట ఊళ్లకు వస్తాను.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ చిక్కిన నేల దివిసీమ. ద్వీపమే దివి అయింది. 1977 నవంబరు 19న తుఫానుతో పాటు వచ్చిన ఉప్పెన ఆ నేల మీద మైళ్ల కొద్దీ లోపలికి పారింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప లాంటి పేర్లు అంతకు ముందు బయటి జిల్లాలవారికి తెలియవు. ఆ తర్వాత అవి శవాల ఫోటోల కింద అచ్చయిన పేర్లుగా తెలిశాయి. చనిపోయినవారు దాదాపు పది వేలనేది అధికారుల లెక్కల్లో ఒకటి. అంతకు చాలా ఎక్కువ అన్నవాళ్లూ వున్నారు. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. ఎమర్జెన్సీ తొలగి ఏడాది కూడా కాలేదు. దేశమంతా చందాలు వేసుకుంది. సినిమా నటులు వీధుల్లో జోలె పట్టారు. సాహిత్యం కూడా వెంటనే స్పందించింది.

ఆ స్పందనలో మొదట చెప్పుకోవలసింది నగ్నముని దీర్ఘకవిత ‘కొయ్యగుర్రం’. అది ఉప్పెనను చూసి ఏడ్చి ఊరుకున్న కవిత కాదు. ప్రకృతిని వదిలి వ్యవస్థను ముద్దాయిని చేసింది. కదలవలసినప్పుడు కదలని పాలనకు కొయ్యగుర్రాన్ని ప్రతీక చేసింది. దిగంబర కవుల తిట్టులో వున్న కోపం ఈ కవితలో రాజకీయ విమర్శగా మారిందనటంలో సందేహం లేదు. అయితే కవిత చేసే పని వేరు, కథ చేసే పని వేరు. కవిత వ్యవస్థనంతా ఒక్క చూపులో చుట్టి ప్రతీకలో బిగించగలదు. అదే ఊళ్లో రెండు ఇళ్ల మధ్య ఆ వ్యవస్థ ఎట్లా గీత గీస్తుందో, ఉప్పెన ఆ గీతను ఎట్లా లోతు చేస్తుందో రోజువారీ జీవితంలో పెట్టి చూపటం కథ పని. ‘కొయ్యగుర్రం’ పరిచిన ఆ దారిలో నడవవలసిన కథ, నేను చదివినంతలో, రాలేదు. వచ్చినవాటిలో ఎక్కువ భాగం పసిబిడ్డ శవం దగ్గరో, తాళి తెగిన ఇల్లాలి దగ్గరో, మనవణ్ణి వెతికే ముసలమ్మ దగ్గరో ముగిశాయి.

విచిత్రమేమంటే ఆ కథను మరెవరో రాశారు. వాళ్లు రచయితలు కారు. పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1977 నుంచి పదేళ్లకు పైగా కాలాన్ని తీసుకుని కృష్ణా డెల్టాలో ఉప్పెన దెబ్బ తిన్న ప్రాంతం మీద పనిచేశాడు. ‘పవర్, ఛాయిస్ అండ్ వల్నరబిలిటీ’ అనే ఆ పుస్తకం 1992లో వచ్చింది. ఆయన తేల్చిన విషయాన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే, ఎవరు ఎంత దెబ్బ తిన్నారు, ఎవరు ఎప్పటికి లేచారు అనేది సముద్రం ఎంత దూరమన్న దాన్నిబట్టి మాత్రమే తేలదు. భూమి, పశువు, పరపతి, కబురు ఎవరి చేతిలో వున్నాయన్న దాన్నిబట్టి తేలుతుంది. 1994లో బ్లైకీ, కానన్, డేవిస్, విస్నర్ కలిసి రాసిన ‘ఎట్ రిస్క్’ అనే పుస్తకంలో ఈ పరిశోధన ఆధారంగా రెండు కుటుంబాల ఉదాహరణ వుంది. సాహిత్య విద్యార్థులు దాన్ని కథగా చదవాలని నా కోరిక.

రెండు ఇళ్లకూ మధ్య దూరం వంద మీటర్లు. ఒకటి ఇటుక ఇల్లు. ఆరుగురు మనుషులు, ఆరు పశువులు, మూడెకరాల మంచి మాగాణి, చిన్న ధాన్యం వ్యాపారం, దానికో లారీ. రెండోది గుడిసె. భార్యాభర్తలు, అయిదేళ్ల బిడ్డ, రెండేళ్ల బిడ్డ. ఒక ఎద్దు, ఒక దూడ. నీటి వసతి లేని అరెకరం, పాలుకు చేసే మరో పావెకరం. ఇద్దరూ కూలికి పోతే తప్ప గడవదు. రేడియోలో హెచ్చరిక విన్న ఆసామి విలువైన సామాను, కుటుంబం లారీలో వేసుకుని వెళ్లిపోయాడు. ఉప్పెనలో అతని ఇల్లు కొంత కూలింది, పశువుల్లో సగం పోయాయి, పంట పోయింది. గుడిసెవాళ్లకు చిన్న బిడ్డ పోయింది. ఇల్లు పూర్తిగా పోయింది, రెండు పశువులూ పోయాయి, పంటా పోయింది.

మన కథకుడైతే ఇక్కడ ఆగుతాడు. బిడ్డ శవం మీద వాక్యం రాసి కలం మూసేస్తాడు. పరిశోధకుడు ఆగలేదు. ఆసామి తిరిగి వచ్చి, దాచుకున్న డబ్బుతో వారంలో ఇల్లు నిలబెట్టుకున్నాడు. పశువుల్ని కొన్నాడు. నీళ్లు తియ్యగానే దున్ని నాటాడు. రూపాయల్లో లెక్కిస్తే పేదవాడు పోగొట్టుకున్నది తక్కువే. కాని దాచుకున్నది లేదు గనక వడ్డీవ్యాపారి దగ్గరకు పోయాడు. తెచ్చిన అప్పుతో ఒక దూడను మాత్రం కొనగలిగాడు. దున్నటానికి ఎడ్లను కిరాయికి తెచ్చుకోవాలి. ఊళ్లో అందరికీ అదే అవసరం, ఎడ్లు తక్కువ. అతని వంతు వచ్చేసరికి అదను దాటింది. తుఫాను వెళ్లిపోయిన ఎనిమిది నెలలకు ఆ ఇంట్లో ఆకలి మొదలయింది.

ఎనిమిది నెలలు! మన సాహిత్యానికి ఇంతవరకు అందని కాలం అది. ఉప్పెన ఒక రాత్రి సంఘటన అనుకున్నంత కాలం సముద్రం అందరినీ సమంగానే ముంచుతుంది. ఎనిమిది నెలల కాలం తీసుకుంటే అదే ఉప్పెన ఒక ఇంటికి నష్టం, పక్క ఇంటికి సర్వనాశనం. సముద్రానికి వర్గం లేకపోవచ్చు. అది ఎక్కి వచ్చిన నేలకు వుంది. ఇక్కడ శిల్ప సమస్య, దృక్పథ సమస్య వేరు వేరు కావని గమనించాలి. కథను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ముగించాలి అన్నది శిల్పానికి సంబంధించిన నిర్ణయం. కాని శవం దగ్గర ముగించటం వల్ల వడ్డీవ్యాపారి కథలోకి రాకుండానే తప్పించుకుంటున్నాడు. ఎడ్ల కిరాయి, రేడియో, లారీ తప్పించుకుంటున్నాయి. మిగిలేది సముద్రం ఒక్కటే. దాన్ని ఎంత తిట్టినా ఏ ఆసామికీ కోపం రాదు, ఏ ప్రభుత్వమూ నొచ్చుకోదు.

ఈ అలవాటు ఎంత లోతుగా పాతుకుందో బడిలో రోజూ చూస్తుంటాను. పదో తరగతి పిల్లలకు తుఫాను మీద వ్యాసం ఇస్తే నలభై కాగితాల్లో ముప్ఫై “ప్రకృతి కన్నెర్ర చేసింది” అనే మొదలవుతాయి. పిల్లల్ని అనవలసిన పని లేదు. పత్రికలు ఆ భాషే రాస్తాయి, పాఠాలు ఆ భాషే నేర్పుతాయి, ప్రభుత్వ ఉత్తర్వులు “ప్రకృతి వైపరీత్యం” అంటాయి. ఆ మాటలో కర్త ప్రకృతి. మనుషులు కర్మలు. వాక్యంలోంచి పాలన, ఆస్తి, కులం, కూలి అన్నీ జారిపోతాయి. రచయిత చెయ్యవలసిన మొదటి పని ఈ వాక్యానికి కర్తను మార్చటం.

ఇది మన కథకు చేతకాని పని కాదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథను గుర్తు చేసుకోండి. అప్పల్రాముడి అప్పు ఎప్పుడు పుట్టింది, ఎందుకు పెరిగింది, ఊరు బాగుపడుతున్న కొద్దీ అతని కుటుంబం ఎందుకు దిగజారింది అనే లెక్కను ఆ కథ సభ మధ్యలో పెట్టి విప్పుతుంది. చివర జరిగే దారుణానికి మనం కదిలిపోతాం. కాని ఆ దారుణం లెక్కలోంచి పుట్టింది గనక కదిలిపోతాం. రాయలసీమ కరువు కథ కూడా, సింగమనేని నారాయణ వంటివారి చేతుల్లో, ఆకాశం వైపు చూసి ఊరుకోక నేల మీది సంబంధాల వైపు చూడటం నేర్చుకుంది. ఉప్పెన కథకే ఆ చూపు అలవడలేదు.

రచయితా పరిశోధకుడూ వేరు వేరు గదుల్లో కూర్చోని సమాజాలు ప్రపంచంలో వున్నాయి. కరీబియన్ ద్వీపాలూ, వాటిని ఆనుకుని దక్షిణ అమెరికా తీరాన వున్న గయానా అటువంటివి. మనకు అవి క్రికెట్ వల్ల తెలుసు గాని అంతకంటే దగ్గర సంబంధమే వుంది. బానిసత్వం రద్దయిన తర్వాత చెరుకు తోటలకు కూలీలు కావలసి వచ్చి 1838 నుంచి 1917 దాకా ఒక్క బ్రిటిష్ గయానాకే దాదాపు 2 లక్షల 39 వేలమంది భారతీయుల్ని ఓడల్లో తీసుకుపోయారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ వున్నారు. అక్కడ వాళ్లందరికీ కలిపి మిగిలిన పేరు ‘మద్రాసీలు’. భాష పోయింది, పేరు మిగిలింది.

ఆ గయానా మీద వాల్టర్ రాడ్నీ రాసిన ‘గయానా శ్రామిక ప్రజల చరిత్ర’ ఆయన హత్యకు గురైన మరుసటి ఏడాది, 1981లో వచ్చింది. అందులో ఆయన తీరాన్ని ప్రకృతి దృశ్యంగా వర్ణించడు. ఆ తీరం సముద్రపు పోటు మట్టానికి కింద వున్న నేల. కట్టలు, కాలవలు లేకపోతే అక్కడ చెరుకు లేదు, మనిషి లేడు. ఆ కట్టల కోసం బానిసలు పారలతో ఎత్తిపోసిన బంకమట్టి 10 కోట్ల టన్నులని అంచనా. అంటే ఆ తీరం శ్రమ కట్టిన తీరం. విముక్తి పొందిన బానిసలు డబ్బు పోగుచేసుకుని తోటలు కొని ఊళ్లు కట్టుకున్నారు. కాని మురుగు కాలవలూ కట్టలూ నిలబెట్టుకునే పెట్టుబడి వాళ్లకు లేదు. ప్రభుత్వ ఖజానా తోటల యజమానుల వైపు వుంది. తమ కూలి రేటు తగ్గించటానికి భారతదేశం నుంచి తెప్పించే కూలీల ఖర్చులో ఒక భాగాన్ని ఆ పేదలు తామే పన్నుల రూపంలో కట్టారు. నీళ్లు, పాలన, కూలి ఈ మూడూ ఒకే ముడి అని ఇంతకంటే స్పష్టంగా చెప్పిన పుస్తకాన్ని నేను చదవలేదు. కరకట్ట నీడన బతికే మన డెల్టా రచయిత ఇది చదివితే, కట్ట మీద నిలబడి సముద్రాన్ని చూడటం మానుకుని, కట్ట ఎవరు పోశారో, ఎవరి పొలం దాకా పోశారో చూస్తాడు.

ఇంకొక ఉదాహరణ హైతీ రచయిత జాక్ రౌమే. ఆయన 1934లో హైతీ కమ్యూనిస్టు పార్టీని స్థాపించినవాడు. 1941లో దేశంలో జాతి సంస్కృతుల అధ్యయన సంస్థను నెలకొల్పినవాడు. 1944లో 37 ఏళ్లకే చనిపోయాడు. ఆయన నవల అదే సంవత్సరం, ఆయన పోయాక వెలువడింది. ‘మాస్టర్స్ ఆఫ్ ది డ్యూ’ పేరుతో 1947లో ఇంగ్లీషులోకి వచ్చింది. కరువుతో ఎండిపోయిన ఊరు. భూమి పంపకాల పగతో రెండుగా చీలిన ఊరు. క్యూబా చెరుకు తోటల్లో పదిహేనేళ్లు పనిచేసి, సమ్మె నేర్చుకుని తిరిగి వచ్చిన మానుయేల్ ఊట కనిపెడతాడు. నీళ్లు ఊళ్లోకి రావాలంటే కాలవ తవ్వాలి, కాలవ తవ్వాలంటే రెండు పక్షాలూ కలవాలి. అతను హత్యకు గురవుతాడు, కాలవ మాత్రం వస్తుంది. చెట్లు నరికి నేలను చంపుకున్నామని, ఇది దేవుడి కోపం కాదని ఆ నవల స్పష్టంగా చెబుతుంది. ఊరుమ్మడిగా ఒకరి చేను ఒకరు చేసుకునే ఆచారాన్ని కేవలం జానపద వేడుకగా చూపక, ఉత్పత్తి సంబంధంగా, రేపటి ఐక్యతకు బీజంగా చూపుతుంది. సంస్కృతిని పరిశోధించినవాడి కన్ను, కార్యకర్త కన్ను, నవలాకారుడి కన్ను అక్కడ ఒకటే.

లోపం లేదని కాదు. ఊట కనిపెట్టేవాడు బయటినుంచి తిరిగి వచ్చిన ఒక్క వీరుడు కావటం, ఊరు అతని కోసం ఎదురుచూసినట్టు వుండటం ఆ నవల బలహీనత. స్త్రీలు ఐక్యతకు కబురు మోసేవాళ్లుగానే ఎక్కువగా కనిపిస్తారు. అయినా మన చెరువుల ప్రాంతపు పాఠకుడికి, నీరటికాడు, తూము, మత్తడి తెలిసిన పాఠకుడికి అది పరాయి నవల కాదు.

ఈ ధోరణి ఒకరిద్దరితో ఆగలేదు. 1948లో జమైకాలో విశ్వవిద్యాలయ కళాశాలతో పాటే సాంఘిక, ఆర్థిక పరిశోధన సంస్థ పుట్టింది. 1960లలో ‘న్యూ వరల్డ్’ అనే పత్రిక చుట్టూ చేరినవాళ్లు, లాయిడ్ బెస్ట్, జార్జ్ బెక్‌ఫర్డ్ వంటివాళ్లు, తమ ద్వీపాల పేదరికాన్ని తోటల వ్యవస్థ వారసత్వంగా విశ్లేషించారు. కామౌ బ్రాత్‌వెయిట్ ఒక చేత్తో జమైకా సమాజ చరిత్రను, మరో చేత్తో కవిత్వాన్ని రాశాడు. పరాయి పాలకుల నివేదికల్లో తమ జీవితం కేవలం అంకెలుగా వుండటాన్ని సహించలేని తరం అది. అందుకే అంకెల్ని తామే లెక్కపెట్టుకుంది, తామే వాటికి గొంతు ఇచ్చింది.

ఆ లెక్కలు ఏం చెబుతున్నాయో చూడండి. 1963లో ఫ్లోరా తుఫాను క్యూబాలో వెయ్యిమందికి పైగా బలి తీసుకుంది. ఆ తర్వాత ఆ దేశం వీధి వీధికీ బాధ్యత పంచి, జనాన్నీ పశువుల్నీ ముందే తరలించే ఏర్పాటు చేసుకుంది. 2004లో ఐవన్ వచ్చినప్పుడు దాదాపు 20 లక్షల మందిని తరలించారు, ఒక్క ప్రాణం పోలేదు. అదే నెలలో జీన్ తుఫాను వానకు హైతీలో, ముఖ్యంగా గొనాయివ్ పట్టణంలో, దాదాపు 3 వేలమంది చనిపోయారు. అక్కడ కొండల మీద చెట్లు లేవు, ముందే కబురందించే పాలన లేదు. రౌమే నవల చెప్పిన మాట అరవై ఏళ్ల తర్వాత బురదలో కూరుకున్న పట్టణమై కనిపించింది. మన దగ్గరా అంతే. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గరే భీకరమైన తుఫాను తీరం దాటింది. ముందే లక్షల మందిని తరలించారు గనక మృతులు వెయ్యికి లోపే. పదమూడేళ్లలో సముద్రం మంచిది కాలేదు. మారింది పాలన. ఆ కొద్ది మార్పు కూడా 1977 శవాల మీద అడిగిన ప్రశ్నల వల్ల వచ్చింది.

అయితే రచయితలు పరిశోధన గ్రంథాలు ముందేసుకుని కథలుగా తిరగరాయాలని నేననటం లేదు. అది మరో రకం ముతక పని. పరిశోధనకు దాని హద్దులున్నాయి. ఆ రెండు కుటుంబాల ఉదాహరణలో పేదవాడికి పేరు లేదు, కులం లేదు, భాష లేదు. అతని భార్య బిడ్డ పోయిన నెలలోనే ఎవరి చేలో కూలికి వంగిందో లేదు. అప్పు కోసం వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చోనిచ్చారా, వాకిట్లో నిలబెట్టారా అన్నది లేదు. కోతలకు వేరే ఊరినుంచి వచ్చి కొట్టుకుపోయిన కూలీ ఏ జాబితాలో ఎక్కాడు? రేషన్ కార్డు లేనివాడి శవానికి పరిహారం ఎవరికి ఇచ్చారు? పరిశోధకుడు “పరపతి లేకపోవటం” అని ఒక్క మాటలో తేల్చిన చోట ఒక మనిషి సిగ్గు, బొంకు, మొండితనం, తెగింపు అన్నీ వుంటాయి. అది రచయిత రాజ్యం. పరిశోధన ఎముక ఇస్తుంది, కండ మనం పెట్టాలి. ఎముక లేని కండ మాత్రం నిలబడదు. ఇన్నాళ్లూ మన తుఫాను కథకు పట్టిన రోగం అదే.

ఇదంతా సముద్రం పక్కన బతికేవాళ్ల గొడవ, తెలంగాణ మెట్టలో వున్న మనకెందుకు అని స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక యువ కథకుడు నన్నడిగాడు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి తెల్లవారేసరికి వాగులో వుంది. జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకుంటే హెలికాప్టర్లు పంపవలసి వచ్చింది. 2025 అక్టోబరు చివర కోస్తాలో తీరం దాటిన మొంథా తుఫాను వాన వరంగల్, హనుమకొండ కాలనీల్ని ముంచింది. బంగాళాఖాతం మా గుమ్మం దాకా వస్తోంది. వచ్చినప్పుడు ముందు మునిగేది ఏ వాడ? నాలా మీద, చెరువు శిఖంలో ప్లాట్లు చేసి అమ్మినవాడు ఎక్కడ వుంటాడు, కొన్నవాడు ఎక్కడ వుంటాడు? గొలుసుకట్టు చెరువులో ఒక చెరువు మాయమైతే ఆ నీళ్లు ఎవరి ఇంటికి దారి తీస్తాయి? ఎడ్ల కిరాయి స్థానంలో ఇప్పుడు ట్రాక్టర్ కిరాయి వుంది. వడ్డీవ్యాపారి స్థానంలో వారం వారం గుమ్మంలో నిలబడే ఫైనాన్సువాడున్నాడు. కాని ఎనిమిదో నెల ఎనిమిదో నెలే.

కథ రాయబోయే మిత్రులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నీళ్లు వచ్చిన రోజు అక్కడికి ఫోటోలు తీసేవాళ్లు, చీరలు పంచేవాళ్లు ఎటూ వస్తారు. మీరు నీళ్లు తీసిన తర్వాత వెళ్లండి. కాగితం, కలం పట్టుకుని వెళ్లి ఏ ఇంటికి ఏం పోయింది, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు, పొలం ఏ తేదీన దున్నగలిగారు, బడి మానిన పిల్ల ఎక్కడ పనికి కుదిరింది అని రాసుకోండి. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ వెళ్లండి. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్న చోట కథ మొదలుపెట్టండి. సముద్రం అందరినీ సమంగా ముంచిందన్న మాట ఆ కథలో రాయటానికి మీకు చెయ్యి రాదు.